నాలుగు పేజీల వారపత్రిక



1953వ సంవత్సరం అనగానే మన బళ్ళారి ప్రాంతంలో పెద్దవాళ్ళకు రెండు సంగతులు గుర్తుకొస్తాయి. తుంగభద్ర డ్యాము నీళ్ళు కాలువల్లోకి వచ్చింది ఆ ఏడాదే. అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అనే మన బతుకు అప్పటినుంచి అలా కుదురుకుంది. సరిగ్గా అదే ఏడాది జనవరిలో, ఇక్కడికి ఎన్నో వేల మైళ్ళ దూరంలో, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక నడివయసు మనిషి నాలుగు పేజీల వారపత్రిక ఒకటి మొదలుపెట్టారు. ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది ఆ పత్రిక గురించి, ఆ మనిషి గురించి.

ఆయన పేరు ఐ. ఎఫ్. స్టోన్. పత్రికకు కూడా ఆయన తన పేరే పెట్టుకున్నారు. 'ఐ. ఎఫ్. స్టోన్స్ వీక్లీ' అంటే స్టోన్ గారి వారపత్రిక అన్నమాట. అమెరికా రాజకీయాల్లో ప్రోగ్రెసివ్ అని ఒక పక్షం ఉంది. మన మాటల్లో అభ్యుదయవాదులు అనుకోవచ్చు. యుద్ధం కన్నా శాంతి మేలనేవారు, నల్లజాతివారికి సమాన హక్కులు ఉండాలనేవారు, కార్మికుల పక్షాన మాట్లాడేవారు, ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు పౌరుడికి ఉండాలనేవారు ఆ పక్షంలో ఉంటారు. స్టోన్ ఆ పక్షంవారే. ఆ సంగతి ఆయన ఏనాడూ దాచుకోలేదు. వారం వారం దేశ రాజకీయాల మీద, వార్తల మీద తన సొంత అభిప్రాయం రాశారు.

సొంత అభిప్రాయం మన అందరికీ ఉంటుంది కదా, ఊరి రచ్చకట్ట మీద కూర్చున్న ప్రతివాడికీ ఉంటుంది కదా, అని మీరు అడగవచ్చు. నిజమే. మరి ఎవరి అభిప్రాయాన్ని నమ్మాలి, ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకంలోంచి రాలేదు. మా బడిలో, నా తప్పు వల్లనే వచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత స్టోన్ దగ్గరికి వెళ్తాను.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రోజు శనివారం. సోమవారం బడికి వెళ్ళేసరికి ఎవరి నోట విన్నా అదే మాట. ఉపాధ్యాయుల గదిలో ఎవరో అన్నారు, గేటు ఒక్కటే కాదు, డ్యాము గోడకే పగులు వచ్చిందట, రాత్రికి ఏమైనా జరగవచ్చట అని. నేను తొమ్మిదో తరగతికి వెళ్ళాను. పిల్లలు అడిగారు. నేను విన్నదాన్ని విన్నట్టే చెప్పేశాను. చివర 'ట' అన్నానో లేదో కూడా నాకిప్పుడు గుర్తు లేదు.

ఆ తరగతిలో ఒక పిల్లవాడిది నది ఒడ్డున ఉన్న ఊరు. వాడు సాయంత్రం ఇంటికి వెళ్ళి, 'డ్యాము పగిలిందంట, మా మిస్ చెప్పింది' అన్నాడు. ఫోనులో వచ్చిన మాటైతే ఆ ఇంట్లో నమ్మేవాళ్ళు కాదేమో. బడిలో టీచరమ్మ చెప్పిందంటే ఇక సాక్ష్యం ఏం కావాలి? ఆ రాత్రికి రాత్రి మూటాముల్లె కట్టుకుని, ముసలి అవ్వను ట్రాక్టరులో కూర్చోబెట్టుకుని మెట్ట మీద ఉన్న బంధువుల ఊరికి బయలుదేరారు. చీకట్లో దిగేటప్పుడు అవ్వ కాలు జారి పడింది. చెయ్యి విరిగింది.

డ్యాము గోడకు ఏమీ కాలేదు. పారే నీళ్ళలోనే ఇంజనీర్లు ఉక్కు పలకలు దించి, వారం రోజుల్లో ఆ ఖాళీని మూసేశారు. అవ్వ చెయ్యి అతకడానికి మాత్రం నెలలు పట్టింది. నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ తెలుసుకోకుండా చెప్పాను. ఈ రెండింటికీ తేడా చెప్పిన నాకే తెలుసు. విన్నవాళ్ళకు రెండూ ఒకటే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు స్టోన్ గురించి చదివాను. పాఠం చెప్పేవాళ్ళం పాఠం నేర్చుకోవలసిన మనిషి ఈయన అనిపించింది.

స్టోన్ 1907 డిసెంబరులో ఫిలడెల్ఫియా నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. న్యూజెర్సీ రాష్ట్రంలో హాడన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో బట్టల దుకాణం నడిపేవారు. కుర్రవాడి అసలు పేరు ఇసిడోర్ ఫైన్‌స్టైన్. యూదుల మీద ద్వేషం ఎక్కువగా ఉన్న రోజుల్లో, పేరు చూసి తన రాతను పక్కన పెట్టకూడదని తర్వాత స్టోన్ అని మార్చుకున్నారు. 14 ఏళ్ళ వయసులోనే, 1922లో, 'ది ప్రోగ్రెస్' అని ఒక చిన్న పత్రిక సొంతంగా అచ్చువేశారు. ఆ బాలుడి పత్రికలో గాంధీజీని, మన స్వాతంత్ర్య పోరాటాన్ని సమర్థిస్తూ రాశారంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మూడు సంచికలు వచ్చాక, చదువు పాడవుతోందని తండ్రి ఆపించేశారు. తండ్రి భయం తప్పు కాదు. హైస్కూలు ముగిసేనాటికి 52 మంది ఉన్న తరగతిలో ఈయనది 49వ స్థానం. మా తరగతుల్లో వెనక బెంచీల పిల్లల్ని చూసినప్పుడల్లా నాకీ సంఖ్య గుర్తుకొస్తుంది.

కాలేజీ చదువు మధ్యలో వదిలేసి పత్రికల్లో చేరారు. న్యూయార్క్‌లో, వాషింగ్టన్‌లో ఎన్నో పత్రికలకు పనిచేశారు. 1952 నవంబరులో ఆయన పనిచేస్తున్న 'డైలీ కంపాస్' అనే దినపత్రిక మూతపడింది. అప్పటికి ఆయనకు 45 ఏళ్ళు నిండబోతున్నాయి. ముగ్గురు పిల్లలు. చెవులు సరిగా వినిపించవు, వినికిడి యంత్రం పెట్టుకుని తిరిగేవారు.

అది ఎలాంటి కాలమో కొంచెం చెప్పాలి. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ 1950లో, ప్రభుత్వం నిండా కమ్యూనిస్టులు దూరారని ఆరోపణ చేసిన దగ్గరనుంచి అమెరికాలో ఒక భయం పట్టుకుంది. ఎవరినైనా సరే కమ్యూనిస్టు అని ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం ఊడేది. అధ్యాపకులు, సినిమా రచయితలు, గుమాస్తాలు ఎందరో అలా రోడ్డున పడ్డారు. అలాంటి రోజుల్లో అభ్యుదయవాది అని పేరు పడిన ఒక చెవిటి విలేకరికి ఉద్యోగం ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు ఆయన సొంత పత్రిక పెట్టారు. మూతపడిన పత్రిక వాళ్ళు లెక్క కట్టి ఇచ్చినది 3,500 డాలర్లు. ఒక స్నేహితుడు వడ్డీ లేకుండా అప్పిచ్చినది 3,000 డాలర్లు. ఇదీ పెట్టుబడి. పాత పత్రికల చందాదారుల చిరునామాలు సంపాదించి ఉత్తరాలు రాశారు. 5,300 మంది చందా కట్టారు. అందులో శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ ఒకరు. ఏడాది చందా 5 డాలర్లు. ప్రకటనలు వేసుకోలేదు. రాసేది ఆయన, చందాల లెక్కలు, చిరునామాలు చూసేది ఆయన భార్య ఎస్తర్. పత్రికలకిచ్చే తక్కువ రేటు తపాలా మీద అది ఇంటింటికీ చేరేది. ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికను ప్రభుత్వ తపాలా బంట్రోతే మోసుకెళ్ళి ఇవ్వడం, అది కూడా ఆ భయం రోజుల్లో, ఆ దేశపు చట్టంలోని ఒక మంచి గుణం. అదే ప్రభుత్వంలోని గూఢచారి శాఖ ఎఫ్.బి.ఐ. ఆయన మీద ఏళ్ళ తరబడి నిఘా పెట్టి వేల పుటల ఫైలు తయారుచేసింది. ఒకే ఇంట్లో రెండు గుణాలు.

ఇక ఆయన పనిచేసిన పద్ధతి చూడండి. వాషింగ్టన్‌లో పెద్ద పత్రికల విలేకరులు మంత్రులతో, అధికారులతో భోజనాలు చేసేవారు. వాళ్ళు చెవిలో చెప్పిన మాటలు మరునాడు వార్తలయ్యేవి. స్టోన్‌ను అలా ఎవరూ పిలవరు. పిలిచినా చెవిలో చెబితే ఆయనకు వినిపించదు. విలేకరుల సమావేశాల్లో వెనక కూర్చుంటే సగం మాటలు అందవు. అందుకని ఆయన చదవడం మొదలుపెట్టారు. చట్టసభల్లో జరిగిన చర్చలన్నీ అచ్చయి వస్తాయి. ఉపసంఘాల ముందు ఎవరేమి సాక్ష్యం చెప్పారో అచ్చయి వస్తుంది. శాఖల నివేదికలు, వాటి వెనక అనుబంధాలు, అనుబంధాల్లో పట్టికలు, పట్టికల కింద చిన్న అక్షరాల్లో వివరణలు, ఇవన్నీ ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనేవాళ్ళు ఉన్నా, చివరిదాకా చదివేవాళ్ళు తక్కువ. స్టోన్ చివరిదాకా చదివేవారు. రోజూ పది దాకా దినపత్రికలు కూడా చూసేవారు. పెద్ద వార్త ఒక్కోసారి లోపలి పేజీలో, ఏ మూలో రెండు వాక్యాల్లో ఉంటుందని ఆయనకు తెలుసు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది వింటే మీకు ఆ పద్ధతి అర్థమవుతుంది.

1957 సెప్టెంబరు 19న అమెరికా నెవాడా ఎడారిలో భూమి లోపల ఒక అణుబాంబును పేల్చి పరీక్షించింది. ఆ రోజుల్లో అణుపరీక్షలు ఆపేద్దామని అమెరికా, రష్యాల మధ్య మాటలు నడుస్తున్నాయి. ఒప్పందం వద్దనేవారి వాదన ఏమిటంటే, రష్యావారు భూగర్భంలో దొంగచాటుగా పేల్చుకుంటే మనకు తెలిసేదెలా అని. భూకంపాలను కొలిచే యంత్రాలకు ఆ పేలుడు ఎంత దూరం అందుతుందనే దాని మీద ఆ ఒప్పందం భవిష్యత్తు ఆధారపడింది. దూరం వరకు అందితే, కొద్ది కేంద్రాలు పెట్టుకుని నిఘా వేయవచ్చు. అందకపోతే అడుగడుగునా కేంద్రాలు కావాలి, అది జరిగే పని కాదు.

1958 మార్చిలో అమెరికా అణుశక్తి కమిషన్ ఒక ప్రకటన చేసింది. ఆ పేలుడు 200 మైళ్ళకు మించి ఎక్కడా అందలేదు అన్నది. 200 మైళ్ళంటే సుమారు మన బళ్ళారి నుంచి బెంగళూరుకు ఉన్న దూరం. ఆ మాట చదవగానే స్టోన్‌కు ఆరు నెలల కిందటి చిన్న వార్తలు గుర్తొచ్చాయి. పేలుడు జరిగిన మరునాడు 'న్యూయార్క్ టైమ్స్' పత్రికలో, పెద్ద వార్త కింద తోకల్లాగా, కెనడాలోని టొరంటోలో, ఇటలీలోని రోములో, జపానులోని టోక్యోలో భూకంప యంత్రాలు కదిలాయని రెండు రెండు వాక్యాలు ఉన్నాయి. అప్పుడు రోముకు, టోక్యోకు తంతి పంపి అడిగే స్తోమతు ఆయనకు లేదు. కాబట్టి కాగితం దాచిపెట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని బయటికి తీశారు.

కానీ దాన్నే పట్టుకుని 'కమిషన్ అబద్ధమాడింది' అని రాసేయలేదు. నేనైతే రాసేసేదాన్నేమో. ఆయన భూకంపాలను నమోదు చేసే ప్రభుత్వ శాఖ ఏదో కనుక్కుని, నేరుగా అక్కడికి వెళ్ళారు. ఆ శాఖ పేరు కోస్ట్ అండ్ జియోడెటిక్ సర్వే. అక్కడి శాస్త్రజ్ఞులు వాళ్ళ పట్టిక చూపించారు. అమెరికా, కెనడాల్లో కలిపి 19 కేంద్రాలు ఆ పేలుడును పట్టుకున్నాయి. అన్నిటికన్నా దూరమైనది అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్. దూరం 2,300 మైళ్ళు. అంటే మన కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువ. ప్రభుత్వంలో ఒక శాఖ 200 అన్నది, ఇంకో శాఖ దగ్గర 2,300 అని రాసి ఉంది. స్టోన్ అడుగుతున్నారని తెలిశాక అణుశక్తి కమిషన్ తన ప్రకటనలో పొరపాటు ఉందని ఒప్పుకుని సవరించుకుంది.

చూశారా, ఇందులో రహస్య పత్రం లేదు, గూఢచారి లేడు. ఒక పాత పత్రిక, ఒక పట్టిక, ఓపిక. అంతే.

వియత్నాం యుద్ధం వచ్చినప్పుడు ఈ పద్ధతి ఇంకా పెద్ద పనికి ఉపయోగపడింది. 1964 ఆగస్టు 2న, మళ్ళీ 4న, టోన్‌కిన్ సింధుశాఖలో తమ ఓడల మీద ఉత్తర వియత్నాం పడవలు దాడి చేశాయని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. 7వ తేదీన అధ్యక్షుడు జాన్సన్‌కు యుద్ధాధికారం ఇచ్చే తీర్మానం చట్టసభల ముందుకు వచ్చింది. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరు కూడా లేరు. సెనేట్‌లో 88 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరూ ఆరెగన్ సెనేటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఆ దాడులకు కొద్ది రోజుల ముందే ఉత్తర వియత్నాం ద్వీపాల మీద దక్షిణ వియత్నాం పడవలు దాడి చేశాయని మోర్స్ సభలో చెప్పారు. ఆ ఉపన్యాసం సభా నివేదికలో అచ్చయింది. పెద్ద పత్రికలు దాన్ని పట్టించుకోలేదు. స్టోన్ ఆ నెలలోనే తన నాలుగు పేజీల్లో దానికి చోటిచ్చి, ప్రభుత్వం చెప్పిన కథలో పొసగని చోట్లు ఒక్కొక్కటిగా చూపించారు. 4వ తేదీ దాడి అసలు జరగనే లేదని అమెరికా ప్రభుత్వ సంస్థ సొంత పరిశోధన పత్రమే 2005లో బయటపెట్టింది. 41 ఏళ్ళ తర్వాత. ఈలోగా 58 వేలమందికి పైగా అమెరికన్ సైనికులు, లక్షల సంఖ్యలో వియత్నాం ప్రజలు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

1965 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. దక్షిణ వియత్నాంలో తిరుగుబాటుదారులకు ఆయుధాలన్నీ బయటి కమ్యూనిస్టు దేశాలనుంచే వస్తున్నాయన్నట్టు చెప్పింది. స్టోన్ అనుబంధం చదివారు. అందులో పట్టుబడినట్టు చూపించిన కమ్యూనిస్టు దేశాల ఆయుధాలు లెక్కిస్తే 179. ప్రభుత్వమే చెప్పిన ఇంకో లెక్క ప్రకారం మూడేళ్ళలో తిరుగుబాటుదారుల నుంచి పట్టుకున్న ఆయుధాలు మొత్తం 15,100. మిగిలినవి ఎక్కడివి? అందులో చాలావరకు అమెరికా తన మిత్రులకిచ్చినవే, వాళ్ళ చేతుల్లోంచి పోయినవే అని ఆయన చూపించారు. ఏడో తరగతి శాతాల లెక్క వచ్చిన పిల్లవాడైనా చేయగల పని ఇది. చేసినవాడు ఒక్కడు.

ఇంతవరకు ఆయన ఘనత చెప్పాను. ఇక్కడే ఆపితే నేను మళ్ళీ అదే తప్పు చేసినదాన్నవుతాను. స్టోన్ అన్నిసార్లూ సరిగా చెప్పలేదు. 1952లో కొరియా యుద్ధం మీద ఒక పుస్తకం రాశారు. అందులో ప్రభుత్వ కథనంలోని లొసుగులు బాగానే పట్టుకున్నారు గానీ, అమెరికా, దక్షిణ కొరియా పక్షమే యుద్ధాన్ని రెచ్చగొట్టిందేమోననే అనుమానం వైపు పాఠకుణ్ణి నడిపించారు. స్టాలిన్ అనుమతి తీసుకుని ఉత్తర కొరియాయే దండెత్తిందని 1990లలో బయటికి వచ్చిన సోవియట్ పత్రాల వల్ల తేలింది. అప్పటికి స్టోన్ లేరు. 1930లలో ఆయనకు సోవియట్ గూఢచారులతో సంబంధాలు ఉండేవనే ఆరోపణ మీద కూడా చరిత్రకారులు రెండు పక్షాలుగా వాదించుకున్నారు. ఎదుటివాడి కాగితాల్ని సందేహంతో చదివినంత గట్టిగా, తన పక్షం మీది ఆశను సందేహించడం ఎంతటివాడికైనా కష్టమే.

కష్టమే గానీ, ఆయన ఒకసారి అది చేసి చూపించారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది నిజానికి అక్కడే. 1956లో, స్టాలిన్ అకృత్యాలను క్రుశ్చేవ్ బయటపెట్టిన తర్వాత, స్టోన్ స్వయంగా మాస్కో వెళ్ళి చూసి వచ్చారు. ఆయన చందాదారుల్లో చాలామంది సోవియట్ దేశాన్ని ఆశతో చూసేవారు. ఆ దేశాన్ని పల్లెత్తు మాట అంటే వాళ్ళకు నొప్పి. పైగా ఇంట్లో మెకార్తీ పక్షంవారు చప్పట్లు కొడతారు. అయినా ఆయన వచ్చి తన పత్రికలో రాశారు, అది మంచి సమాజం కాదని, దాన్ని నడిపేవారు నిజాయితీపరులు కారని. ఏమైనా కానీ, చూశాక చెప్పక తప్పదన్నారు. ఆ ఒక్క సంచికతో కొన్ని వందలమంది చందాలు మానేశారు. నాలుగు పేజీలు, 5 డాలర్ల చందా, అదే కుటుంబానికి తిండి. వందల చందాలు పోవడమంటే ఇంట్లో పొయ్యి మీది గిన్నె కదలడమే.

శత్రువు తప్పు చెప్పడానికి ధైర్యం కావాలి, నిజమే. కానీ మనల్ని ప్రేమించేవాళ్ళకు, మన మాట నమ్మి డబ్బులు కట్టేవాళ్ళకు ఇష్టం లేని నిజం చెప్పడానికి అంతకన్నా ఎక్కువ ధైర్యం కావాలి. సొంత అభిప్రాయానికి విలువ వచ్చేది ఆ ధైర్యం వల్లనే అని నాకనిపిస్తుంది.

పోయిన చందాలు మళ్ళీ వచ్చాయి. వియత్నాం యుద్ధకాలంలో విద్యార్థులు, అధ్యాపకులు ఆ పత్రికను వెతుక్కుని తెప్పించుకున్నారు. గుండెజబ్బు వల్ల 1971 డిసెంబరులో ఆయన పత్రికను ఆపేసేనాటికి చందాదారులు సుమారు 70 వేలు. ఆ తర్వాత ఏం చేశారనుకుంటున్నారు? ముసలితనంలో ప్రాచీన గ్రీకు భాష నేర్చుకున్నారు. మాట స్వేచ్ఛకు పుట్టినిల్లు అనిపించుకున్న ఏథెన్స్ నగరం సోక్రటీస్‌ను ఎందుకు చంపిందో అసలు గ్రంథాలు చదివి తెలుసుకోవాలని ఆయన పట్టుదల. 1988లో, 80 ఏళ్ళ వయసులో, దాని మీద పుస్తకం వెలువరించారు. 1989 జూన్‌లో బోస్టన్‌లో కన్నుమూశారు.

సరే, అమెరికా మనిషి కథ మనకెందుకు? సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు ఈ పద్ధతి కొత్త కాదు, మనం గమనించడం లేదు అంతే. మన ఇళ్ళలో రెండు భాషల పత్రికలు వస్తాయి. ఎండాకాలం దగ్గర పడగానే ఒక పత్రికలో 'మన వాటా వాళ్ళు తీసుకున్నారు' అని ఉంటుంది. రెండో పత్రికలోనూ అచ్చంగా అదే వాక్యం ఉంటుంది. 'మన' అంటే ఎవరు, 'వాళ్ళు' అంటే ఎవరు అన్నదే మారుతుంది. ఒకే భాష చదివేవాడికి ఒకే కోపం. రెండు భాషలు చదివేవాడికి ఒక ప్రశ్న పుడుతుంది. ఇంతకూ డ్యాములో నీళ్ళెన్ని, ఏ కాలువకు ఎన్ని వదిలారు అని. ఆ లెక్కలు తుంగభద్ర బోర్డు దగ్గర ఉంటాయి. స్టోన్ ఒక శాఖ 200ను ఇంకో శాఖ 2,300 పక్కన పెట్టి చూసినట్టు, మనం ఈ పత్రికను ఆ పత్రిక పక్కన, రెండింటినీ లెక్క పక్కన పెట్టి చూడవచ్చు. రెండు భాషల మధ్య నలిగిపోతున్నామని మనం బాధపడుతుంటాం. ఆ బాధలోనే ఈ సౌకర్యం కూడా ఉంది.

ఇక నా సంగతి చెప్పి ముగిస్తాను. చెయ్యి విరిగిన ఆ అవ్వను చూడడానికి నేను వెళ్ళాను. ఏమంటుందోనని భయపడుతూనే వెళ్ళాను. తిట్టలేదు. మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. నేను తప్పు చెప్పానవ్వా అన్నాను. 'నువ్వు చెప్తివని గదమ్మా నమ్మితిమి' అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

మరునాడు తరగతిలో నిలబడి, నేను ఆ రోజు తెలుసుకోకుండా చెప్పాను, అది తప్పు, అని పిల్లలకు చెప్పాను. టీచరు తప్పొప్పుకుంటే పిల్లల దగ్గర చులకనైపోతుందని మాలో చాలామందికి భయం. అలా జరగలేదు. వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, 'మరి నిజం ఎట్లా తెలుస్తుంది మిస్?' అని అడిగాడు. ఆ ప్రశ్నకోసమే కదా మనం బడి నడిపేది.

ఆ తర్వాత మా తరగతిలో ఒక నోటుబుక్కు పెట్టాం. రోజుకొక వార్త అందులో రాస్తాం. పక్కన మూడు గళ్ళు. ఈ మాట ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, మనం ఎక్కడ సరిచూడవచ్చు. మూడో గడి చాలాసార్లు ఖాళీగా ఉండిపోతుంది. ఖాళీగా ఉన్న రోజు ఆ వార్తను ఇంటికి మోసుకెళ్ళకూడదని మా నియమం. అది రాసి పెట్టే పని ఎవరిదనుకుంటున్నారు? నది ఒడ్డు ఊరి పిల్లవాడిదే.

స్టోన్ నాలుగు పేజీల్లో చేసింది కూడా ఆ మూడో గడి నింపడమే. మన ఇంట్లో, మన వీధిలో, మన ఫోనులో వచ్చే ప్రతి మాటకూ ఆ గడి ఒకటి గీసుకుంటే ఎవరి అవ్వా చీకట్లో ట్రాక్టరు ఎక్కనక్కరలేదు.